ఒడ్డేది ఏమిటి, ఎవరిది, ఎందుకు?

విలువైనదాన్ని పోయే వీలున్న చోట పెట్టడాన్ని చెప్పడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. ఒడ్డడం, పణంగా పెట్టడం, పందెం కాయడం, తెగించడం, మీదికి తెచ్చుకోవడం, చెలగాటమాడటం, తాకట్టు పెట్టడం, బలిపెట్టడం. ఈమధ్య వీటన్నిటి బదులూ ‘రిస్క్ చేయడం’ ఒక్కటే వినిపిస్తోంది. అన్నిటికీ అర్థం ఒకటే అయితే ఏది వాడినా ఫరవాలేదు. కానీ వీటిలో ఒకటి మెచ్చుకోలు, ఒకటి మందలింపు, ఇంకొకటి నేరారోపణ. మంటల్లోంచి పసిబిడ్డను బయటికి తెచ్చిన మనిషి ప్రాణాలకు తెగించాడు. అరిగిపోయిన టైర్లతో బస్సు తిప్పిన యజమాని ప్రయాణికుల ప్రాణాలతో చెలగాటమాడాడు. రెండు చోట్లా అపాయంలో పడ్డవి ప్రాణాలే. ఈ రెండు క్రియల్నీ తారుమారు చేస్తే? కాపాడినవాడు నేరస్తుడవుతాడు, యజమాని వీరుడవుతాడు.

దరఖాస్తు రాసేవారికి, వార్త రాసేవారికి, సభలో మాట్లాడేవారికి, ఇంట్లో పెద్దల్ని ఒప్పించాల్సినవారికి ఈ తేడా తెలిసి ఉండాలి. నేర్చుకోవడం కష్టమేమీ కాదు. వ్యాకరణ సూత్రాలు బట్టీ పట్టనక్కర్లేదు. ఐదు ప్రశ్నలు వేసుకోవడం అలవాటైతే సరైన క్రియ దానంతటదే నోటికొస్తుంది.

వాక్యానికి ముందు ఐదు ప్రశ్నలు

1. పోయే వీలున్నది ఏమిటి?

ఇంగ్లిష్‌లో ‘రిస్క్’ అనే క్రియ తీరును చార్లెస్ ఫిల్మోర్, బెరిల్ ఆట్కిన్స్ అనే భాషావేత్తలు 1992లో అచ్చయిన వ్యాసంలో విడదీసి చూపారు. ఆ క్రియ పక్కన పోగలిగే వస్తువునూ పెట్టవచ్చు, జరగగల కీడునూ పెట్టవచ్చు. ప్రాణాన్నైనా, చావునైనా ‘రిస్క్’ చేయవచ్చన్నమాట. తెలుగు అలా కలిపేయదు. ‘ప్రాణాలు ఒడ్డాడు’ అంటారు, ‘చావును ఒడ్డాడు’ అనరు. కీడు పేరు వాక్యంలోకి రావాలంటే క్రియ మారాలి: ‘చావుకు తెగించాడు’. అలాగే ‘ఉద్యోగాన్ని పణంగా పెట్టింది’ సరైన వాక్యం. ‘సస్పెన్షన్‌ను పణంగా పెట్టింది’ తప్పు. సస్పెన్షన్ కీడు కాబట్టి ‘సస్పెన్షన్‌కు సిద్ధపడింది’ అనాలి. ఆమె చేసింది తెలివితక్కువ పని అనిపిస్తే ‘సస్పెన్షన్ కొనితెచ్చుకుంది’ అనాలి. మొదట పోయే వస్తువునూ వచ్చే కీడునూ వేరుచేసుకుంటే సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

2. అది ఎవరిది?

మహాభారతం సభాపర్వంలో ధర్మరాజు జూదంలో మొదట ధనం, రథాలు, ఏనుగులు, రాజ్యం ఒడ్డాడు. తర్వాత నకులుణ్ని, సహదేవుణ్ని, అర్జునుణ్ని, భీముణ్ని వరసగా ఒడ్డాడు. ఆపైన తనను తానే ఒడ్డుకుని ఓడాడు. చివరికి ద్రౌపదిని ఒడ్డాడు. సభకు రమ్మని కబురొస్తే ద్రౌపది వేసిన ప్రశ్న ఒక్కటే: ముందు ఓడింది ఎవరిని, తననా, నన్నా? తనను తాను ఓడినవాడికి మరొకరిని ఒడ్డే హక్కు ఎక్కడిది? ఆ సభలో పెద్దలు చాలామంది తిన్నగా జవాబు చెప్పలేకపోయారు.

ఈ క్రియలన్నిటికీ అదే అసలు ప్రశ్న. జూదం కథల్ని పక్కన పెడితే, నేటి వాడుకలో ‘ఒడ్డు’ ఎక్కువగా తన సొత్తుకే వాడతారు. పరుల సొత్తు అయితే ‘చెలగాటమాడు’, ‘ప్రమాదంలోకి నెట్టు’, ‘ముప్పు తెచ్చు’ అంటారు. ‘పణంగా పెట్టు’ రెండు వైపులా నడుస్తుంది, కానీ రంగు మారుతుంది. ‘తన ఆరోగ్యాన్ని పణంగా పెట్టి పిల్లల్ని చదివించింది’ అంటే గౌరవం. ‘కార్మికుల ఆరోగ్యాన్ని పణంగా పెట్టి ఫ్యాక్టరీ నడిపారు’ అంటే నింద.

3. ఎందుకోసం?

పణం పెట్టినవారికి ఏదో ఒక ఫలం మీద కన్నుంటుంది. అందుకే ఈ వాక్యంలో ‘కోసం’ కనిపించాలి, కనీసం వినేవారికి అర్థమవ్వాలి. ‘హెల్మెట్ లేకుండా బండి నడిపి ప్రాణాలను పణంగా పెట్టాడు’ అని రాస్తే చదివేవారికి వెంటనే వచ్చే సందేహం: దేనికోసం? జుట్టు చెదరకుండా ఉండటం కోసమా? అక్కడ ఫలమేమీ లేదు, నిర్లక్ష్యం ఉంది. ‘ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు’ అన్నదే తగిన మాట.

4. పోతుందా, పోవచ్చా, పోయిందా?

పొట్టి శ్రీరాములు ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం 1952 అక్టోబరు 19న మద్రాసులో ఆమరణ నిరాహార దీక్ష మొదలుపెట్టారు, డిసెంబరు 15న కన్నుమూశారు. దీక్ష సాగినన్నాళ్లూ ఆయన ప్రాణాలను పణంగా పెట్టారు. డిసెంబరు 15 తర్వాత ఆ మాట చాలదు, ‘ప్రాణాలర్పించారు’, ‘ప్రాణత్యాగం చేశారు’ అనాలి. ‘ఒడ్డాడు’ అన్నప్పుడు ఫలితం ఇంకా తేలలేదు, లేదా మనిషి బతికి బయటపడ్డాడు. మరణం జరిగిపోయాక కూడా ‘ప్రాణాలొడ్డాడు’ అని ఆపేస్తే పాఠకుడికి ఆ మనిషి ఉన్నాడో పోయాడో తెలియదు.

దీనికి అవతలి కొసన ‘బలిపెట్టు’ ఉంది. అందులో ‘పోవచ్చు’ అనే అనుమానం లేదు, పోవడం ఖాయం. ‘పదవి కోసం స్నేహితుణ్ని బలిపెట్టాడు’ అంటే స్నేహితుడికి తప్పించుకునే దారి లేదని అర్థం.

5. తెలిసి చేసిందేనా?

ఒడ్డడానికి, తెగించడానికి ముందుగా అపాయం తెలిసి ఉండాలి. గ్యాస్ లీకైన సంగతి తెలియక లైటు వేసినవాడు ప్రాణాలకు తెగించలేదు, ప్రమాదంలో పడ్డాడు. తెలిసి లోపలికెళ్లి సిలిండర్‌ను బయటికి లాగినవాడు తెగించాడు. తెలియక జరిగినదానికి ‘చిక్కుల్లో పడ్డాడు’, ‘ప్రాణాల మీదికి వచ్చింది’, ‘ముప్పు వాటిల్లింది’ లాంటి మాటలున్నాయి.

ఏ క్రియ ఎలా నడుస్తుంది?

ఒడ్డు. ఒడ్డి, ఒడ్డాడు, ఒడ్డింది, ఒడ్డేందుకు అని రూపాలు. పోయే వస్తువు ద్వితీయా విభక్తిలో, అంటే ‘ను’తో ఉంటుంది. ప్రత్యయం దాగినా తప్పు లేదు: ప్రాణాలను ఒడ్డి, ప్రాణాలు ఒడ్డి, ప్రాణాలొడ్డి, మూడూ సరైనవే. ఎదురుగా ఉన్న అపాయానికి ‘కు’ వస్తుంది. సైమన్ కమిషన్‌ను బహిష్కరిస్తూ 1928లో మద్రాసులో జరిగిన నిరసనలో టంగుటూరి ప్రకాశం తుపాకీకి రొమ్ము ఒడ్డారు. రొమ్ము ఆయనది, తుపాకీ ఎదుటివాడిది. ఈ చిన్న వాక్యంలో ఎవరిది ఏమిటో పూర్తిగా తెలిసిపోతుంది.

పణంగా పెట్టు. ఈ మాటకు ‘ను’ తోడుంటేనే వాక్యం స్పష్టంగా ఉంటుంది: పదవిని పణంగా పెట్టి, పరువును పణంగా పెట్టి. ఖర్చుకూ పణానికీ తేడా మరచిపోకూడదు. ‘ఇరవై లక్షలు పణంగా పెట్టి స్థలం కొన్నాడు’ అనకూడదు. స్థలం చేతికొచ్చింది, డబ్బు దాని ధర. అదే డబ్బు ఎప్పటికి పూర్తవుతుందో తెలియని వెంచర్‌లో పెట్టి ఉంటే అది పణమే. ‘విలువైన సమయాన్ని పణంగా పెట్టి సభకు వచ్చారు’ అన్నదీ తప్పే. సమయం ఎలాగూ పోతుంది, దాన్ని వెచ్చించారు.

పందెం కాయు. పందేనికి ఎదుటివాడు ఉండాలి, షరతు ఉండాలి, గెలుపోటములు తేల్చే ఘటన ఉండాలి. గెలుస్తుందనుకున్నదానికి ‘మీద’ వస్తుంది: ‘నల్ల పుంజు మీద పదివేలు కాశాడు’. సంక్రాంతి బరిలోకి దిగేది పుంజు, ఒడ్డేది డబ్బు, బరి చుట్టూ చేరినవారు కాసుకునేవి పైపందేలు. 12వ శతాబ్దపు పల్నాడు కథలో నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు పక్షాల మధ్య కోడిపోరుకు షరతు స్పష్టంగా ఉంది: ఓడిన పక్షం ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లాలి. ఎదుటివాడూ షరతూ లేని చోట ‘పందెం’ అలంకారమే అవుతుంది. సేద్యం వానలతో జూదం అన్న మాట అలా పుట్టిందే. వాన ఏ షరతుకూ ఒప్పుకోలేదు. రైతు విత్తనాన్నీ, ఎరువునూ, ఆరు నెలల కష్టాన్నీ ఒడ్డాడు, అంతే.

తెగించు. దేనికి తెగించారో చెప్పేటప్పుడు దీనికి ‘కు’ కావాలి: ప్రాణాలకు తెగించి, చావుకు తెగించి, దేనికైనా తెగించి. పని పేరు చెప్పేటప్పుడూ అదే పద్ధతి: ‘కలెక్టరును నిలదీయడానికి తెగించింది’. దీని చుట్టాల్లో మంచివాళ్లూ చెడ్డవాళ్లూ ఉన్నారు. ‘తెగువ’ మెచ్చుకోలు. ‘తెగింపు’ సందర్భాన్ని బట్టి మెచ్చుకోలో నిందో అవుతుంది. ‘తెగబడు’ నింద, దాడులకు, దోపిడీలకు తెగబడతారు. ‘బరితెగించు’ అంతకన్నా పెద్ద నింద, సిగ్గూ ఎగ్గూ వదిలేయడం.

మీదికి తెచ్చుకొను. ఇంట్లో, వీధిలో ఎక్కువగా వినిపించే మాట ఇదే. ప్రాణం మీదికి, ఉద్యోగం మీదికి, కొంప మీదికి తెచ్చుకుంటారు. ‘తెచ్చుకున్నాడు’ అంటే తనకు తానే చేసుకున్నాడు. ‘కొను’ తీసేసి ‘తెచ్చాడు’ అంటే నష్టం ఇతరులకు. ‘వాడు మొండితనంతో తన కొంప మీదికి తెచ్చుకున్నాడు’, ‘వాడు మా కొంప మీదికి తెచ్చాడు’ అన్న రెండు వాక్యాల మధ్య ఒక కుటుంబ తగాదా అంత దూరం ఉంది.

చెలగాటమాడు. దీనికి ‘తో’ వస్తుంది: రోగుల ప్రాణాలతో, విద్యార్థుల భవిష్యత్తుతో. ఎక్కువగా పరుల సొత్తే. ఇందులో నిర్లక్ష్యమే కాదు, అవతలివారి ప్రాణం ఆటవస్తువైందన్న కోపం కూడా ఉంది. చిన్న పొరపాటుకు ఇంత పెద్ద మాట వాడితే వాడినవారి మాటకే విలువ తగ్గుతుంది.

తాకట్టు పెట్టు. కుదువ పెట్టడం, తనఖా పెట్టడం దీని తోటివి. పణానికీ తాకట్టుకూ తేడా ఏమిటి? పణం రాబోయేదాని కోసం. తాకట్టుకు ప్రతిఫలం అప్పటికే చేతిలో పడింది. పైగా తాకట్టు పెట్టినదాన్ని అప్పు తీర్చి విడిపించుకోవచ్చు. ‘ఆత్మగౌరవాన్ని తాకట్టు పెట్టారు’ అన్న రాజకీయ విమర్శలో పదును అక్కడే ఉంది: ఏదో పుచ్చుకుని, దానికి బదులు గౌరవాన్ని అప్పజెప్పారని. పుచ్చుకున్నదేమిటో చెప్పలేనప్పుడు ఆ విమర్శ నిలబడదు.

తరచూ దొర్లే తప్పులు

1. ‘ఫణంగా పెట్టి’ అని రాయడం. వార్తల్లో, ఫ్లెక్సీల మీద, పుస్తకాల్లో కూడా కనిపించే తప్పు. ఫణం అంటే పాము పడగ, ఫణి అంటే పాము. ఒడ్డేది పణం. ఒత్తు తీసేస్తే చాలు, వాక్యం బాగుపడుతుంది.

2. ‘ప్రాణాలు తెగించి’ అనడం. ‘ప్రాణాలొడ్డి’, ‘ప్రాణాలకు తెగించి’ రెండూ కలిసిపోయి పుట్టిన రూపం ఇది. ఒడ్డు అయితే ప్రాణాలకు ‘కు’ వద్దు, తెగించు అయితే ‘కు’ కావాలి.

3. ‘బరితెగించి పోరాడారు’ అని పొగడటం. పొగడ్త కాస్తా తిట్టుగా మారుతుంది. ‘తెగించి పోరాడారు’ చాలు.

4. ‘అరచేతిలో ప్రాణాలు పెట్టుకుని’ని సాహసానికి వాడటం. అది భయానికి గుర్తు. వరదలో మేడ మీద చిక్కుకున్నవారు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రాత్రంతా గడిపారు. వాళ్లను తీసుకురావడానికి పడవలో వెళ్లినవారు ప్రాణాలొడ్డారు. రెండూ ఒకే వార్తలో రావచ్చు, ఒకే మనిషికి రాకూడదు.

5. ‘తలొగ్గి’కీ ‘తల ఒడ్డి’కీ తేడా చూడకపోవడం. తల ఒగ్గడం లొంగిపోవడం. తల ఒడ్డడం వేటు పడుతుందని తెలిసీ నిలబడటం. ఒక్క అక్షరం తేడాతో అర్థం పూర్తిగా తిరగబడుతుంది.

6. ‘సర్వశక్తులూ ఒడ్డి’ని ప్రతి పనికీ తగిలించడం. ఎన్నికల వార్తల్లో ఈ మాట స్థిరపడింది. ఇక్కడ పోయేదేమీ లేదు, ‘ఉన్న బలమంతా ఉపయోగించి’ అని అర్థం. తప్పు కాదు, కానీ వార్డు కమిటీ సమావేశానికి కూడా సర్వశక్తులూ ఒడ్డితే అసలు ఎన్నిక వచ్చేసరికి ఒడ్డడానికి ఏం మిగులుతుంది?

7. ఒకే వాక్యంలో అన్నీ గుమ్మరించడం. ‘తన ప్రాణాలను సైతం లెక్కచేయకుండా, ప్రాణాలకు తెగించి, ప్రాణాలను పణంగా పెట్టి కాపాడాడు.’ ఒక మనిషి ప్రాణం మూడుసార్లు పోదు. ఒక్క మాట ఉంచి, మిగతా చోటులో అతడు ఏం చేశాడో చెప్పాలి.

8. కర్తను దాచడం. ‘కార్మికుల ప్రాణాలు పణంగా పెట్టబడ్డాయి.’ పెట్టింది ఎవరు? కాంట్రాక్టరా, యాజమాన్యమా, తనిఖీ చేయని అధికారా? తెలుగులో ‘బడు’ వాక్యాలు సాధారణంగా ఎబ్బెట్టుగా ఉంటాయి. ఈ క్రియతో అయితే బాధ్యత కూడా మాయమవుతుంది.

9. అన్నిటికీ ‘రిస్క్’ అనేయడం. మాట్లాడేటప్పుడు ‘రిస్క్’ను తరిమేయాల్సిన పని లేదు, అది తెలుగులో కలిసిపోయింది. వాణిజ్య పాఠాల్లో దానికి ‘నష్టభయం’ అన్న మాట కూడా ఉంది, వ్యాపారి నష్టభయాన్ని భరిస్తాడు. కానీ ‘అతను రిస్క్ చేశాడు’ అన్న వాక్యం పై ఐదు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు చెప్పదు. ఏం పోవచ్చో, ఎవరిదో, ఎందుకో పక్కన చేరిస్తేనే అది వాక్యమవుతుంది.

కొన్ని సందర్భాలు

వార్త రాసేటప్పుడు. చెరువులో మునుగుతున్న ఇద్దరు పిల్లల్ని ఒక ఆటో డ్రైవరు కాపాడాడు. కొత్తగా చేరిన విలేకరి ఇలా రాశాడు: ‘ఆటో డ్రైవరు ప్రాణాలు ఫణంగా పెట్టి సాహసం చేశాడు.’ ఒత్తు సరిదిద్దినా వాక్యం ఇంకా బోలుగానే ఉంది. చెరువు లోతెంత? అతడికి ఈత వచ్చా? ఒడ్డున ఉన్నవారు ఎందుకు దిగలేదు? ఈ వివరాలతో తిరగరాస్తే: ‘పూడిక తీసిన చోట రెండు నిలువుల లోతుందని ఒడ్డున ఉన్నవారు వారించినా ఆటో డ్రైవరు దూకాడు. ఒక బాబును గట్టుకు చేర్చి, రెండోవాడి కోసం మళ్లీ వెళ్లాడు.’ ఇందులో ‘పణం’ లేదు, ‘తెగింపు’ లేదు. అయినా అతడు దేన్ని ఒడ్డాడో పాఠకుడికి తెలిసింది. శీర్షికలో ‘ప్రాణాలొడ్డి’ అన్న ఒక్క మాట చాలు.

పురస్కారానికి సిఫార్సు రాసేటప్పుడు. తోటివారి ప్రాణాలు కాపాడినవారికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే జీవన్ రక్షా పతకాల్లో మూడు స్థాయిలున్నాయి: సర్వోత్తమ, ఉత్తమ, జీవన్ రక్షా పతకం. కాపాడినవారికి ఎంత అపాయం ఎదురైందన్నది స్థాయిని తేల్చడంలో ముఖ్యం. కాబట్టి సిఫార్సు లేఖలో విశేషణాలు పేర్చితే లాభం లేదు. అపాయం ఏమిటి, అది కాపాడినవారికి ముందే తెలుసా, వారికి గాయాలయ్యాయా అన్నవి వరసగా రాయాలి. పైన చెప్పిన ఐదు ప్రశ్నలే ఆ లేఖకు చట్రం.

ఇంట్లో ఒప్పించేటప్పుడు. ఉద్యోగం మానేసి సొంతంగా డెయిరీ పెడతానన్నాడు కొడుకు. ‘నాన్నా, లైఫ్‌లో రిస్క్ చేయకపోతే ఎదగలేం’ అని మొదలుపెట్టాడు. తండ్రి సమాధానం సిద్ధంగానే ఉంది: ‘ఉన్న ఉద్యోగం పోగొట్టుకుని అందరి కొంప మీదికి తెస్తావురా?’ ఒకరు ‘రిస్క్’ దగ్గర, మరొకరు ‘కొంప మీదికి’ దగ్గర ఆగిపోయారు. మాట ముందుకు సాగదు. అదే కొడుకు ఇలా అని ఉంటే? ‘నాన్నా, నేను ఒడ్డేది నా పీఎఫ్ డబ్బు, ఒక ఏడాది జీతం. ఇల్లు తనఖా పెట్టను, చెల్లి పెళ్లి డబ్బు ముట్టుకోను. ఏడాదిలో నిలదొక్కుకోకపోతే మళ్లీ ఉద్యోగం చూసుకుంటాను.’ ఏది ఒడ్డుతున్నాడో, ఏది ఒడ్డటం లేదో, ఎంతకాలమో తండ్రికి తెలిసింది. ఒప్పుకుంటారా అన్నది తర్వాతి సంగతి. కనీసం ఇప్పుడు ఇద్దరూ ఒకే విషయం గురించి మాట్లాడుకుంటారు.

హామీ సంతకం అడిగినప్పుడు. ‘బావా, ఊరికే ఒక సంతకం’ అంటాడు బావమరిది. ఆ ‘ఊరికే’ అన్న మాటే మోసం చేస్తుంది. భారత ఒప్పందాల చట్టం, 1872లోని 128వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో వేరే విధంగా రాసుకోకపోతే అప్పు తీసుకున్నవారికి ఎంత బాధ్యతో హామీదారుకూ అంతే బాధ్యత. సంతకం అనే తేలిక మాట వెనక పణం ఉంది: హామీదారు జీతం, ఇల్లు, రేపు తాను అడగబోయే అప్పు. దాన్ని పైకి చెప్పడం మొహమాటం తెంచుకోవడం కాదు. ‘ఇది సంతకం కాదు, నా ఇంటిని నీ అప్పుకు ఒడ్డడం. వాయిదాలు ఎలా కడతావో కాగితం మీద చూపించు, ఆలోచిద్దాం’ అంటే బంధుత్వం చెడదు. పేరు పెట్టి పిలిచిన అపాయం గురించి ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోగలరు.

ఫిర్యాదు రాసేటప్పుడు. బడి ముందు మ్యాన్‌హోల్ మూత లేదు. ‘అధికారులు పసిపిల్లల ప్రాణాలతో చెలగాటమాడుతున్నారు’ అన్న వాక్యంతో అర్జీ మొదలైతే చదివే అధికారి ముందు తన్ను తాను కాపాడుకోవడం మొదలుపెడతాడు. మూత ఎప్పటినుంచి లేదు, ఎవరికి ఎప్పుడు చెప్పారు, రోజూ ఎంతమంది పిల్లలు ఆ దారిన నడుస్తారు అన్నవి ముందు రావాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 125వ సెక్షన్ ఇతరుల ప్రాణాలకు, భద్రతకు అపాయం తెచ్చేలా దుడుకుగా లేదా నిర్లక్ష్యంగా చేసే పనుల గురించి చెబుతుంది. అక్కడ కూడా చూసేది పని ఏమిటి, అపాయం ఎవరికి అన్నదే. వివరాలన్నీ రాశాక చివర్లో ‘పిల్లల ప్రాణాల మీదికి రాకముందే మూత వేయించగలరు’ అంటే అర్జీకి బలం తగ్గదు, పెరుగుతుంది.

పట్టు దొరకడానికి సాధన

1. ఒక వారం పాటు దినపత్రికలో పణం, ఒడ్డు, తెగించు, చెలగాటం అన్న మాటలు కనిపించిన వాక్యాల కింద గీత గీయాలి.

2. ప్రతి వాక్యం పక్కనా మూడు మాటలు రాయాలి: వస్తువు, సొంతదారు, ఫలం. ఏదైనా ఖాళీగా మిగిలితే ఆ వాక్యంలో లోపం ఉందన్నమాట.

3. లోపమున్న వాక్యాన్ని వేరే క్రియతో తిరగరాయాలి. ‘పణంగా పెట్టు’ తీసి ‘మీదికి తెచ్చుకొను’ పెడితే అర్థం ఎలా మారిందో చూడాలి.

4. సొంత మాటల్లో ‘రిస్క్’ వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి ‘దేన్ని?’ అని అడగాలి. జవాబు దొరికితే ఆ జవాబునే వాక్యంలో పెట్టాలి.

5. రాసింది పైకి చదివి, కర్త వినిపిస్తున్నాడా లేదా చూసుకోవాలి.

నాలుగు రోజులు ఇబ్బందిగా ఉన్నా, వారం తిరిగేసరికి చెవికి అలవాటవుతుంది. ఎవరైనా ‘ప్రజల కోసం దేనికైనా సిద్ధం’ అని సభలో గర్జించినప్పుడు కూడా మనసు దానంతటదే లెక్క మొదలుపెడుతుంది: ఒడ్డుతున్నది ఆయన పదవినా, ప్రజల డబ్బునా?

ఈ క్రియల వాడకంలో మొదటి నియమమూ చివరి నియమమూ ఇవే. సొంతదాన్ని ఒడ్డినవారికి ‘ఒడ్డారు’ అన్న గౌరవం దక్కాలి, పరులదాన్ని ఒడ్డినవారి పేరు వాక్యంలో కర్తగా నిలవాలి. ఈ రెండూ పాటించిన వాక్యంలో చిన్న తప్పులుంటే దిద్దుకోవచ్చు. ఈ రెండూ తప్పిన వాక్యం ఎంత అందంగా ఉన్నా కొట్టేసి మళ్లీ రాయాల్సిందే.